పండు పెద్దది, ఇల్లు చిన్నది

చెట్టుకు కాయు పండ్లలో పనసను మించిన పెద్దపండు లోకమున మఱియొకటి లేదు. సామాన్యముగా ఒక్కొక్కటి 10 మొదలు 20 కిలోల వఱకు తూగును. 30 కిలోలు మించినవియు అరుదు కావు. ఇంతటి బరువును సన్నని రెమ్మలు మోయజాలవు. పనసచెట్టు తన కాయలను మామిడివలె కొమ్మల చివర వ్రేలాడదీయక, మ్రాను మీదను, లావు కొమ్మల మీదను కాచుట ఈ బరువునకు తగిన ఏర్పాటు. నిజమునకు ఇది ఒక్క పండు కాదు. ఒకే కాడ చుట్టును క్రిక్కిఱిసియుండు లెక్కకు మిక్కిలియైన చిన్ని పువ్వులన్నియు కలిసిపోయి ఒక్క పండుగా పెరిగినవి. ఫలించిన ప్రతి పువ్వును ఒక తొన యగును. ఫలింపనివి తొనల నడుమ పీచుగా మిగులును.

పూర్వము పది పదునైదుగురు ఒక్క కప్పు క్రింద నివసించిన ఇండ్లలో ఇంతటి పండు భారమనిపించుకొనలేదు. పెరటిలో పనస పండిన సంగతి కంటికంటె ముందు ముక్కునకు తెలిసెడిది. ఒకరు చెట్టెక్కి కాడకు త్రాడు బిగించి మెల్లగా దింపుచుండగా, క్రింద ఇరువురు గోనెపట్టా పట్టి నిలిచెడివారు. తరువాత ఇంటి అవ్వ కత్తికిని, చేతులకును నూనె రాచుకొని కూర్చుండెడిది. నూనె రాయనిచో పనసబంక చేతిని విడువదు; ఆ బంకకు సబ్బు భయము లేదు. పండు నిలువున చీలుచుండగా పిల్లలు చుట్టును చేరి మొదటి తొనకై పేచీ పడెడివారు. ఇంటివారందఱును తినగా మిగిలినది విస్తరాకులలో ఇరుగుపొరుగులకు పోయెడిది. ముళ్ళతోలు పశువుల మేత. గింజలు కడిగి, ఎండబెట్టి దాచెడివారు. వానకాలమున నిప్పులలో కాల్చినను, కూరలో వేసినను వానికి సాటి లేదు.

నేడు పట్టణములలో నలుగురున్న సంసారము మూడవ అంతస్తున కాపురముండును. 15 కిలోల పండును అంగడినుండి మోసికొనివచ్చుటయే ఒక ప్రయాస. తెచ్చినను కోయు విద్య తెలిసినవారు ఇంట లేరు. కోసిన పిదప తూకములో సుమారు మూడవ వంతు మాత్రమే తొనలుగా చేతికి వచ్చును. తక్కినది తోలు, పీచు, నడిమి కాడ. వీనిని పడవేయుటకు పశువుల కొట్టము లేదు. తినగా మిగిలిన తొనలు ఎక్కువసేపు నిలువవు. ఇన్నిటిని తలచుకొని గృహస్థు పండును దూరమునుండి చూచి, దాని పరిమళమును ఉచితముగా ఆఘ్రాణించి, డజను అరటిపండ్లు కొనుక్కొని పోవును. పనస రుచి తగ్గలేదు, పండు పెరుగలేదు. ఇల్లు చిన్నదైనది.

ఎఱుగని పండు విషయమున పరిమాణమునకు మఱియొక ప్రభావము కలదు. ఎఱిగినవానికి పెద్దపండు ఆశ పుట్టించును. ఎఱుగనివానికి జంకు పుట్టించును. 14వ శతాబ్దమున మొరాకో దేశమునుండి వచ్చిన యాత్రికుడు ఇబన్ బతూతా పనసను రుచిచూచి, హిందూదేశపు పండ్లలో మేలైనదని మెచ్చుకొనెను. 16వ శతాబ్దమున వచ్చిన బాబరు చక్రవర్తికో, దానిని చూడగానే లోపలి భాగము వెలికి త్రిప్పిన గొఱ్ఱె ప్రేగులు జ్ఞప్తికి వచ్చెను. దాని తీపియు ఆయనకు వెగటైనది. మధ్య ఆసియా ఖర్బూజాలకు అలవడిన నోరు అది. ఖర్బూజా మాత్రము చిన్నదా అని ఎవరైన అడుగవచ్చును. తన ఊరి పండు ఎంత పెద్దదైనను కంటికి పెద్దదిగా తోచదు.

చిన్నపండునకు ఈ చిక్కు లేదు. మాంగోస్టీన్ అను పండును చూడుడు. ఆగ్నేయ ఆసియాలో పుట్టి, నీలగిరులలోని కల్లారు, బర్లియారు తోటలలోను పండుచున్న ఈ పండు చిన్న బత్తాయికంటె పెద్దది కాదు. ముదురు ఊదారంగు తోలును రెండు అరచేతుల నడుమ నొక్కినచో విచ్చుకొని, వెల్లుల్లి రెబ్బలవంటి తెల్లని తొనలు కనబడును. పండు అడుగున పువ్వువంటి చిన్న గుర్తు ఉండును. దాని రేకులెన్నో లోపలి తొనలన్ని. కోయకముందే తొనలెన్నియో చెప్పి తోడివారిని ఆశ్చర్యపఱచుట పిల్లలకు వినోదము. ఎన్నడును తినని వాడును ధైర్యముగా ఒకటి కొని చూచును. నచ్చనిచో పోయినది ఒక్క పండు. ఆ దేశపు అంగళ్ళలోనే దాని ప్రక్కన దురియాన్ ముళ్ళు విప్పుకొని కూర్చుండును. కిలోల బరువు, కూడ ఘాటైన వాసన. సింగపూరు నగర రైళ్ళలో దానిని తీసికొనిపోరాదని నిషేధము కలదు. దురియాన్ ఎఱుగని వాడు దానిని కొనవలెనన్నచో, ముందుగా ఎవరైన ఒక తొన ఆతని చేతిలో పెట్టవలసినదే.

ఈ సూక్ష్మము హవాయి ద్వీపముల బొప్పాయి చరిత్రలో స్పష్టముగా కనబడును. బొప్పాయిలో కొన్ని రకములు మూడు నాలుగు కిలోలు తూగును. 1911లో బార్బడోస్ ద్వీపమునుండి ఒక చిన్నరకపు విత్తనములు హవాయికి చేరినవి. ఆ పండు సుమారు అరకిలో. 1919లో దానికి 'సోలో' అను పేరు స్థిరపడెను. ఒక్కరికి ఒక్క పండు చాలునని భావము. సగమునకు కోసి, గింజలు తీసివేసి, చెంచాతో తినినచో పని ముగిసినట్లే. దాచుటయు లేదు, పంచుటయు లేదు. 1936 నాటికి అక్కడి వ్యాపారపు తోటలలో పెద్దరకములు తొలగిపోయి సోలోయే నిలిచెను. బెంగళూరునందలి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 'సన్‌రైజ్ సోలో'ను మఱియొక రకముతో సంకరము చేసి 'సూర్య' అను బొప్పాయిని సిద్ధపఱచెను. దాని తూకము 600 మొదలు 800 గ్రాములు.

ఆ సంస్థ దృష్టి పనసపైనను పడినది. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఒక రైతు తోటయందు తండ్రి నాటిన పనసచెట్టు ఒకటి కలదు. దాని పండు సగటున రెండున్నర కిలోలకు లోపు. తొనలు రాగిచెంబువలె ఎఱ్ఱనివి. పాత కొలత ప్రకారము అది పనసలలో మరుగుజ్జు. పనసగింజ నాటినచో తల్లిచెట్టు గుణమే వచ్చునన్న నమ్మకము లేదు గావున, ఆ గుణము నిలుపుటకు అంట్లు కట్టవలెను. 2017లో సంస్థ ఆ రైతుతో ఒడంబడిక చేసికొని, చెట్టుకు ఆయన తండ్రి పేర 'సిద్దు' అని నామకరణము చేసి, అంట్లు కట్టుటకు పూనుకొనెను. వాని అమ్మకపు రాబడిలో పెద్దభాగము రైతునకే. మరుగుజ్జు కాయ గొప్పదైనది చెట్టు మాఱుటచేత కాదు. తినువారి సంసారములు మాఱుటచేత.

అట్లని చిన్నదెల్ల మేలనుట పొరపాటు. సీతాఫలమునే చూడుడు. మహబూబ్‌నగరు జిల్లా బాలానగరు పేర ప్రసిద్ధికెక్కిన రకము తీపిలో తక్కువది కాదు. కాని చిన్నకాయ దొరికినచో మ్రింగినదానికంటె ఉమిసిన గింజలే ఎక్కువ. 'అర్క సహన్' అను సంకరజాతిలో పండు పెద్దది, గింజలు తక్కువ. ఇక్కడ పెద్దదనమే ఆకర్షణ. రేగుపండు విషయము వేఱు. దానిలో గుజ్జెంతయని ఎవరును అడుగరు. జేబునిండ ఉన్నవో లేవో చూతురు.

ఇక పాత పెద్దపనసల గతి యేమి? శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందును, తమిళనాటి పన్రుటి ప్రాంతమునందును పనస రైతులకు రాబడినిచ్చు పంట. లేతకాయకు పరిమాణపు బాధ లేదు. ఉద్దానపు కాయలు కూరకై ఒడిశాకు తరలిపోవును, గోదావరి సీమలో పొట్టుగా కొట్టి అమ్ముదురు. చిక్కంతయు ముగ్గిన మహాఫలమునకే. కొనువారు లేనిచో అది చెట్టు క్రిందనే కుళ్ళును. కలప మాత్రము వెంటనే అమ్ముడుపోవును. బొబ్బిలి వీణలు చెక్కునది పనసకఱ్ఱతోనే. గింజనుండి మొలిచిన చెట్లగుటచే ఏ రెండింటి రుచియు ఒక్కటి కాదు. నఱికిన చెట్టుతో దాని రుచియు పోవును. వీణ యెంత మధురముగా మ్రోగినను ఆ రుచిని తిరిగి తేలేదు.

ఇట్టి చెట్లకు ఇప్పుడు దిక్కైనవాడు వీధి చివర బండివాడు. ఎండకాలమున ఆతడు కత్తికి నూనె రాచి, పెద్దపండును నలుగురి యెదుట కోసి, తొనలు తూచి పొట్లములు కట్టును. ఎత్తలేని పండు ఆతని చేతిలో పదుల కొలది చిన్నపండ్లగును. పనస యెఱుగని పిల్లవాడు ఒక తొన తిని, నిలిచి, రెండవది అడుగును. ఒలిచి తీసిన గింజలు బండి క్రింది డబ్బాలో పడుచుండును. అప్పుడప్పుడు ఒక ముసలమ్మ వచ్చి తొనలవైపు చూడక, "గింజలేమైన ఇత్తువా, నాయనా?" అని అడుగును. వానికి వెల చెప్పుటకు ఆతనికి మొగమాటము. దోసెడు తీసి ఆమె సంచిలో పోసి, మరల కత్తికి నూనె రాచుకొనును.