వాచీ మీద ముగ్గు

మా హోసూరులో వాచీ అంటే కొత్త వస్తువు కాదు. టైటాన్ వాచీల ఫ్యాక్టరీ మా ఊర్లోనే ఉంది. అయినా వీధి బొమ్మల వాచీలు కూడా ఉంటాయని మా డ్రాయింగ్ సార్ చెప్పేదాకా నాకు తెలియదు.

అమెరికాలో కీత్ హేరింగ్ అనే చిత్రకారుడు ఉండేవాడు. న్యూయార్కులో భూమి కింద నడిచే రైళ్ల స్టేషన్లలో, ప్రకటనలు లేని ఖాళీ చోట్ల నల్ల కాగితం అంటించి ఉంచేవారు. 1980 నుంచి 1985 దాకా ఆయన ఆ కాగితాల మీద తెల్ల చాక్‌పీసుతో పాకే పసిబిడ్డ, మొరిగే కుక్క, ఆడే మనుషులు, ఇట్లా గబగబా గీసేవాడు. అలా గీయకూడదని పోలీసులు పట్టుకునేవారు కూడా. పైన కొత్త ప్రకటన పడితే బొమ్మ పోయినట్టే. 1986లో స్విట్జర్లాండుకు చెందిన స్వాచ్ కంపెనీ ఆయన బొమ్మలతో ప్లాస్టిక్ వాచీలు తెచ్చింది. దారిన పోయేవాళ్లు గోడ మీద చూసిన గీతలు అట్లా చేతికెక్కాయి. 1990లో ఆయన 31 ఏళ్లకే ఎయిడ్స్‌తో చనిపోయాడు.

సార్ ఇది చెప్తుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ రోజూ తెల్లవారుజామున కల్లాపి చల్లి ముగ్గు వేసేది. చుక్కలు లెక్కపెట్టేది కాదు, చేతికే తెలుసు. మధ్యాహ్నానికల్లా బండ్లు తొక్కేసేవి. "పోతే పోనీలే, రేపు మళ్లా వేస్తాం గదా" అనేది. ఇప్పుడు మోకాళ్ల నొప్పితో వంగలేదు. అమ్మ పొద్దున్నే పనికి పోతుంది. నేను నేర్చుకోలేదు. ఆరు నెలలుగా మా వాకిట్లో ముగ్గు లేదు.

ఆ సాయంత్రం నా పాత వాచీ నల్ల బెల్టు మీద తెల్ల పెయింటుతో ముగ్గు వేద్దామని కూర్చున్నా. మూడు చుక్కలకే వంకరపోయింది. అవ్వ చూసి నవ్వింది. "చుక్కను తాకకూడదే, చుట్టి రావాల" అని నా వేలు పట్టుకుని మంచం మీదే గీసి చూపించింది. నాలుగుసార్లు తుడిచాక ఐదోసారి కుదిరింది. ఆ వాచీ స్కూలుకు పెట్టుకొస్తే అందరూ చూశారు. వారంలోపలే చెమటకు సగం రాలిపోయింది. ఏడుపు మొహంతో చూపిస్తే అవ్వ, "రేపు మళ్లా వెయ్యి" అనింది.

మళ్లా వేశాను, ఈసారి వాకిట్లో. అవ్వ గడప దగ్గర కుర్చీలో కూర్చుని చెప్తూ ఉంటే, ఐదు చుక్కల ముగ్గుకే అరగంట పట్టింది. సార్, ఆ రోజు ప్రార్థనకు నేను ఆలస్యంగా వచ్చింది అందుకే. చేతికి వాచీ ఉంది కానీ, టైం చూసుకోలేదు.