అమ్మమ్మ మాటా, నల్ల తెరా

సంచికకి ఏదైనా రాసిమ్మని మా సంపాదకుడు నెల రోజులుగా నా వెంట పడ్డాడు. కవిత రాయమన్నాడు, రాదన్నాను. కథ రాయమన్నాడు, అది అసలే రాదన్నాను. "పోనీ, రాత్రి రెండింటిదాకా ఆ నల్ల తెర ముందు కూర్చుని ఏం వెలగబెడుతున్నావో అదైనా రాయరా" అన్నాడు. హాస్టల్లో నా గదికి ఎదురుగదే అతనిది. తప్పించుకునే దారి లేదు. కాబట్టి పాఠక మిత్రులు నన్ను మన్నించి, ఈ నాలుగు మాటలూ ఓపిగ్గా చదవవలసిందిగా మనవి.

నేను వెలగబెట్టింది శబ్దాలను శుభ్రం చేసే పని. మాట విని అక్షరాలుగా రాసిపెట్టే సదుపాయం ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్లోనే ఉంది. కానీ భీమిలి అవతల పల్లెలో ఉండే మా అమ్మమ్మ "ఏటి" అంటే, నా ఫోను "ఏరి" అని రాసింది. ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. ఫోను తప్పేం లేదు. అది ఎలాంటి గొంతులు విని పెరిగిందో అలాంటి గొంతులే దానికి అర్థమవుతాయి. అందుకని మేం ముగ్గురం కలిసి, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, మా వైపు పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి, దేనికెదురుగా దాని రాత పెట్టి, ఒక చిన్న సంగ్రహం తయారు చేద్దామనుకున్నాం. ఇంగ్లీషుకి 2015లోనే లిబ్రిస్పీచ్ పేరుతో దాదాపు 1000 గంటల సంగ్రహం వెలువడింది. మాకు పోగైనవి 42 రికార్డింగులు, సుమారు 6 గంటలు. చంద్రునికో నూలుపోగు!

పోగైతే చేశాం గానీ, అవి ఒక జాతివి కావు. ఒక ఫోను ఎమ్‌ఫోర్‌ఏ అంటుంది, ఇంకోటి ఎమ్‌పీత్రీ అంటుంది, వాట్సాప్‌లో వచ్చినవి ఓపస్. ఒకటి సెకనుకి 48,000 నమూనాలు, మరొకటి 44,100. యంత్రానికి అన్నీ ఒకే కొలతలో కావాలి: సెకనుకి 16,000 నమూనాలు, నమూనాకి 16 బిట్లు, రెండు చానళ్ళు కాదు, ఒక్కటే. ఈ 16,000 ఎందుకంటే, సెకనుకి ఎన్ని నమూనాలు తీస్తే అందులో సగం పౌనఃపున్యం వరకే శబ్దం పట్టుబడుతుంది. అంటే 8000 హెర్ట్‌జ్‌లు. మనిషి మాటకి అది సరిపోతుంది. పాతకాలపు టెలిఫోను లెక్క 8000 నమూనాలు, అంటే 4000 హెర్ట్‌జ్‌లే. "స"లో ఉండే ఈలలాంటి భాగం చాలావరకు దానికి పైనే ఉంటుంది. అందుకే ఫోన్లో మన పేరు చెప్పేటప్పుడు "స... సీతలో స" అని అరవాల్సొచ్చేది.

ఈ మార్పులన్నీ మౌసుతో ఒక్కొక్క ఫైలూ తెరిచి చేస్తే 42 సార్లు అదే తంతు. నల్ల తెర మీద అయితే ఒక్క వాక్యం రాసి, "ఈ ఫోల్డర్లో ఉన్నవాటన్నిటికీ ఇలాగే చెయ్యి" అంటే చాలు. ఇందుకు రెండు పనిముట్లున్నాయి, రెండూ ఉచితమే. ఒకటి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. 2000 సంవత్సరంలో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టాడు. ఏ రకం ఫైలిచ్చినా కాదనకుండా తెరుస్తుంది. రెండోది సాక్స్. 1991లో లాన్స్ నార్స్‌కాగ్ మొదలుపెట్టింది. అంటే నాకంటే వయసులో పెద్దది; గౌరవించాలి. దీనికి ఎమ్‌ఫోర్‌ఏ కొరుకుడు పడదు గానీ, వేవ్ ఫైలు చేతికిస్తే కత్తిరించడం, రొద తగ్గించడం, స్థాయి సరిచేయడం వంటివన్నీ చేసి పెడుతుంది. ముందు మొదటిదానితో మార్చి, తర్వాత రెండోదానితో శుభ్రం చేయడం మా పద్ధతి. 48,000 లెక్కన రెండు చానళ్ళలో సెకనుకి 1,92,000 బైట్లు పట్టేది, మా లెక్కకి దించితే 32,000 అయింది. సరిగ్గా ఆరో వంతు. 6 గంటల మాటలూ 700 మెగాబైట్లలోపే ఇమిడిపోయాయి. ఆ రాత్రి మేం ముగ్గురం క్యాంటీనులో టీ తాగుతూ, ప్రాజెక్టు అయిపోయినట్టే మాట్లాడుకున్నాం.

తర్వాత రొద. పల్లెలో రికార్డింగంటే ఫ్యాను, కోడి, పక్కింటి టీవీ, గాలి. సాక్స్‌లో ఒక చక్కని ఏర్పాటుంది. ఎవరూ మాట్లాడని అర సెకను ముక్క దానికి వినిపిస్తే, అందులోని రొద స్వభావాన్ని రాసుకుంటుంది. తర్వాత మొత్తం రికార్డింగులోంచి ఆ స్వభావం ఉన్నదాన్ని తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలో సున్నా నుంచి ఒకటి దాకా మనం చెప్పాలి. అర అన్నాను. ఫ్యాను పోయింది, కానీ అమ్మమ్మ నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. 0.2కి దించితే మనిషి పైకొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మాటల మధ్య ఖాళీలు కూడా తీసేద్దామనిపించింది. సాక్స్‌లో దానికీ ఒక మాటుంది: సైలెన్స్. దాని వెనక నాలుగు అంకెలు. పూర్తి స్థాయిలో ఒక శాతం కంటే తక్కువ శబ్దం పదో వంతు సెకను పాటు ఉంటే అది నిశ్శబ్దమే, కొట్టెయ్యమన్నాను. అంకెలు ఎక్కడో చూసి రాసుకున్నవే. ఎందుకవి అని ఆలోచించలేదు. నిమిషం తిరక్కుండా 42 ఫైళ్ళూ అయిపోయాయి. అమ్మమ్మది 14 నిమిషాల 20 సెకన్లది 11 నిమిషాల చిల్లరకి తగ్గింది. మూడు నిమిషాల చెత్త పోయిందని సంతోషించాను.

మర్నాడు మా గైడుగారు హెడ్‌ఫోను పెట్టుకుని విన్నారు. రెండు నిమిషాలు విని, "ఏమయ్యా, మీ వైపు అత్తని అత అంటారా?" అన్నారు.

నేనూ విన్నాను. నిజమే. "అత్త" కాస్తా "అత", "అక్క" కాస్తా "అక", "తప్పు" కాస్తా "తపు". ఆలోచిస్తే కారణం చాలా చిన్నది. మనం "త్త" అనేటప్పుడు నాలుక పళ్ళ వెనక ఆని, గాలి పూర్తిగా ఆగుతుంది. ఆ ఆగడమే ఒత్తు. నిదానంగా మాట్లాడే ముసలివాళ్ళ నోట అది పదో వంతు సెకను దాటుతుంది. నా కమాండు దాన్ని చెత్త కింద లెక్కగట్టింది. ఇంకా విన్నాను. మనవాళ్ళు వాక్యం చివర గొంతు దించి అనే "అండీ" చాలాచోట్ల లేదు. "వచ్చారండీ" అన్న పెద్దాయన "వచ్చార్" అంటున్నాడు. మర్యాదంతా ఒక శాతం కింద ఉండిపోయిందన్నమాట! చిన్నప్పుడు ఒత్తులు రాయకపోతే మాస్టారు చెవి మెలేసేవారు. ఇప్పుడు 42 మంది ఒత్తులు ఒక్క రాత్రిలో నేనే ఊడబెరికాను.

"పర్లేదు, అసలువి ఉన్నాయిగా, మళ్ళీ చెయ్యి" అన్నారు గైడుగారు. గదికొచ్చి చూస్తే, లేవు.

ఎలా జరిగిందో చెబుతాను, మీకైనా పనికొస్తుంది. "ఒకటి" అనే ఫోల్డర్లో అసలువి, "రెండు"లో రొద తగ్గించినవి ఉండేవి. ఖాళీలు తీసినవి "మూడు"లో పెట్టాలి. పాత కమాండునే పై బాణం మీటతో తెచ్చుకుని, నిద్రమత్తులో మూడుకి బదులు ఒకటి అని కొట్టాను. అదే పేరుతో ఫైలుంటే సాక్స్ "దీని మీద రాసెయ్యనా?" అని అడగదు. అడగాలంటే అడగమని మనమే ముందు చెప్పాలి, దానికి నో-క్లాబర్ అని ఒక మాటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అడుగుతుంది కదా, ఇదీ అడుగుతుందనుకోవడం నా తెలివి. అసలువి ఎలాగూ భద్రమేననే ధీమాతో "రెండు"ని కూడా కొట్టేశాను. మిత్రుల ఫోన్లలో ఉన్నవి, వాట్సాప్‌లో వచ్చినవి 37 దొరికాయి. నా ఫోన్తో చేసిన అయిదు మాత్రం, చోటు చాలక అంతకు వారం ముందే తుడిచేశాను. ఆ అయిదింట్లో ఒకటి అమ్మమ్మది.

అందులో ఆవిడ చెప్పింది హుద్‌హుద్ గాలివాన సంగతి. 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ తుపాను. ఇంటి పెంకులు ఎగిరిపోవడం, గోడవారన మేకని పొదివి పట్టుకుని కూర్చోవడం, అన్నీ చెప్పుకొచ్చింది. తాతయ్య నాటిన జీడిమామిడి చెట్లు తెల్లారి చూస్తే వరసగా పడుకుని ఉన్నాయని చెప్పి, ఆగిపోయింది. ఎనిమిదో తొమ్మిదో సెకన్లు. నేను ఎదురుగా పీట మీద కూర్చుని, రికార్డింగు ఆపాలా వద్దా అని తటపటాయించాను. తర్వాత "ఆ ఏడు పొయ్యిలోకి కట్టెలు కొన్నేదు" అంది.

నా దగ్గర మిగిలిన ఫైల్లో చెట్లు పడిపోయిన మాట వెనకే కట్టెల మాట వచ్చేస్తుంది. వింటే ఎవరో సంతలో బేరం చెబుతున్నట్టుంటుంది.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాను. "ఏట్రా బాబూ, మళ్ళీ వచ్చినావు?" అంది. నిజం చెప్పేశాను. తప్పు చేసిన ప్రతిసారీ ఆవిడకే చెప్పుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

"గాలి సప్పుడు కూడా తీసీసినావేటి?"

"తగ్గించాను అమ్మమ్మా. యంత్రానికి అడ్డం."

"గాలి కత సెప్తే గాలి ఉండొద్దేటి!"

మళ్ళీ చెప్పమంటే చెప్పింది. 9 నిమిషాల్లో ముగించేసింది. మేక ఊసు లేదు. చెట్ల దగ్గర ఆగలేదు. "అదేటమ్మమ్మా, మొన్న అక్కడ..." అన్నాను. "మొన్న సెప్పినాను గాదా. ఒకసారి సెప్పీసినాక ఇంకేటుంటాది?" అని చేట తీసుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది.

నేను చూస్తూ కూర్చున్నాను. ఊక పోయింది. రాళ్ళు వేలితో ఏరి అవతల పారేసింది. నూకలు మాత్రం వేరే గిన్నెలోకి తీసింది. అవీ బియ్యమే, జావకి పనికొస్తాయి. ప్రతి విసురుకీ చేటలోకి చూసుకుంటూనే ఉంది. నేను 42 ఫైళ్ళు చెరిగాను, ఒక్కసారి కూడా చేటలోకి చూడలేదు.

పనిముట్ల మీద నాకేమీ కోపం లేదు. అవి నేను చెప్పిందే చేశాయి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. ఏది చెత్త అని తేల్చింది నేను. ఇప్పుడు మా పద్ధతి మారింది. అసలు ఫైళ్ళు రెండు చోట్ల, రాయడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటాయి. వాడిన ప్రతి కమాండూ ఒక ఫైల్లో రాసిపెడతాం. మార్పుకి ముందూ వెనకా నిడివి కొలుస్తాం. ఏ ఫైలైనా ఎక్కువగా చిక్కిపోతే ఆపి చూస్తాం. పదింటికి ఒకటి చొప్పున చెవితో వింటాం. మాటల మధ్య ఖాళీల జోలికి అసలు పోం. మొదట్లో, చివర్లో తీసినా అర సెకను వదిలేస్తాం, "అండీ" బతకాలి కదా.

ప్రాజెక్టుకి మార్కులు బాగానే వచ్చాయి. మా పట్టికలో అమ్మమ్మ పేరు ఎదురుగా రెండు ఫైళ్ళున్నాయి: ఒత్తుల్లేని 11 నిమిషాలది, ఆగని 9 నిమిషాలది. ఆ తొమ్మిది సెకన్లు ఇప్పుడు నాకొక్కడికే గుర్తున్నాయి. వాటిని ఏ కొలతలో దాచిపెట్టాలో తెలియక, మా సంపాదకుడు అడిగాడన్న నెపంతో ఇక్కడ రాసిపెడుతున్నాను.