'మైసెల్ఫ్' చెరిపేసే క్లాసు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగేసరికి చేతిలో నాలుగు పాంప్లెట్లు పడ్డాయి. జావా, పైథాన్, డెవాప్స్, నాలుగోది స్పోకెన్ ఇంగ్లిష్. 'ముప్పై రోజుల్లో గలగలా' అన్న ఆ నాలుగోదాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మైత్రీవనం దగ్గర సందులో టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో నడిచే మరో క్లాసుకు వెళ్లాను. దానికి పాంప్లెట్ లేదు, బోర్డు కూడా అంతంతమాత్రమే. నడిపే మేడమ్ గతంలో జూనియర్ కాలేజీ లెక్చరర్. వెనక బెంచీలో కూర్చుంటానంటే సరేనని, "పిల్లలు మాట్లాడేటప్పుడు మాత్రం నవ్వకండి" అని ముందే చెప్పేశారు.

బ్యాచ్‌లో పదిహేను మందికి మించి లేరు. ఎక్కువమంది బీటెక్ అయిపోయి, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు. ఒకరిద్దరికి ఉద్యోగం వచ్చింది గానీ క్లయింట్ కాల్ అంటే చెమటలు పడుతున్నాయి.

ఖమ్మం కుర్రాడు లేచి ఇంటర్వ్యూ పరిచయం అప్పజెప్పాడు. 'మైసెల్ఫ్ ఫలానా, హెయిలింగ్ ఫ్రమ్ ఖమ్మం, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హోమ్‌మేకర్...' తిరుపతిలో అడిగినా ఆదిలాబాద్‌లో అడిగినా ఇదే పాఠం, ఊరి పేరొక్కటే మారుతుంది. మేడమ్ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అడిగారు: "నాన్నా, రైల్లో పక్క సీటు తమిళాయన నీ పేరడిగితే 'మైసెల్ఫ్' అంటావా?"

"లేదు మేడమ్. 'ఐ యామ్' అంటా."

"మరి ఇంటర్వ్యూలో కూర్చున్నాయన ఏం పాపం చేశాడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, షరతు సంగతి ఆవిడ పట్టించుకోలేదు.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. ఉద్యోగం చేస్తున్న అమ్మాయి ఒకతె 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అంది. తప్పు అన్న మాట మేడమ్ నోట రాలేదు. బోర్డు మీద అడ్డగీత గీసి, ఒక చివర 'చేరిన రోజు', ఇంకో చివర 'ఇవాళ' అని రాశారు. "రెండేళ్ల నుంచి చేస్తున్నాను అంటాం కదమ్మా. తెలుగులో 'చేస్తున్నాను' ఇవాళ్టి దగ్గరే నిలబడుతుంది, వెనకటి రెండేళ్లనీ 'నుంచి' చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియే చెయ్యాలి" అంటూ గీతను ఈ చివర నుంచి ఆ చివరకు మందంగా దిద్ది, కింద 'హావ్ బీన్ వర్కింగ్' అని రాశారు. చేరిన రోజు కింద 'సిన్స్', గీత నడిమధ్య 'ఫర్'. హాస్టల్లో ఎన్నాళ్లుగా ఉంటున్నావు, ఆ ఫోన్ ఎన్నేళ్లుగా వాడుతున్నావు అంటూ అదే మూసలో అరడజను వాక్యాలు చెప్పించారు. మా బడిలో రెన్ అండ్ మార్టిన్ చేతికిచ్చి పన్నెండు టెన్సుల పట్టికా బట్టీ పట్టించారు గానీ, ఈ ఒక్క గీత గీసినవాళ్లు లేరు.

తప్పును ఇలా తెలుగులోంచి తవ్వి తీసే పద్ధతి ఎక్కడిదని అడిగితే, తార్నాకలో చేసిన ట్రైనింగ్ కోర్సు చలవేనన్నారు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన అక్కడి సంస్థే ఇవాళ్టి ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఎడిన్‌బరోలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో రాసిన వ్యాసాన్ని ఆవిడ అక్కడే చదివారట. విద్యార్థి ఎంత దూరం వచ్చాడో గురువుకు తెలిసేది అతని తప్పుల వల్లేనని ఆయన వాదన.

వ్యాకరణం సరిగ్గా ఉండి కూడా వినడానికి ఎబ్బెట్టుగా ఉండే వాక్యాల గొడవ వేరు. ఒకబ్బాయి మేనేజరుకు రాసిన మెయిల్ చదివాడు: 'విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.' "ఇది తహసీల్దారుకు పెట్టుకునే అర్జీ" అని మేడమ్ తేల్చేశారు. అదంతా కొట్టేశాక మిగిలింది 'ఐ హావ్ ఎ ఫీవర్, సో ఐ వోంట్ బీ ఇన్ టుడే.' జ్వరం అంతే ఉంది, బతిమాలుకోవడం పోయింది.

ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో సూత్రాలతో రాదు. మనం గాఢనిద్ర అంటాం, చిక్కటి నిద్ర అనం. ఎందుకంటే చెప్పలేం. అందుకే ఆవిడ బల్ల మీద ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఉంది. దీని మూలప్రతిని హార్న్‌బీ, జపాన్‌లో ఇంగ్లిష్ చెబుతూ, ఇద్దరు సహచరులతో కలిసి తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ తీసుకుంది. పరాయి భాషవాళ్ల కోసమే పుట్టింది గనక, మాటతోపాటు దాని వాడుకా చూపిస్తుంది. 'రెయిన్' తీస్తే పక్కనే 'హెవీ' కనిపిస్తుంది.

'పాస్డ్ అవుట్ ఇన్ 2023' అన్న వాక్యాన్ని మాత్రం ఆవిడ దిద్దలేదు. హైదరాబాద్ ఆఫీసులో అందరికీ అర్థమయ్యే మాటే. అవతల అమెరికా క్లయింటు ఉంటే 'గ్రాడ్యుయేటెడ్' అనమన్నారు, లేకపోతే పిల్లవాడు స్పృహ తప్పాడనుకుంటాడు. నాకు నచ్చిన తీర్పు ఇది. మన ఇంగ్లిష్‌ను మొత్తం లండన్ కొలతకు కత్తిరించాల్సిన పని లేదు. ఎ, యాన్, ద సంగతి ఆ పూట తేలలేదు. అది తెలుగులో లేని సరుకు, ఒక్క క్లాసుతో తేలేదీ కాదు.

గంటన్నరలో మేడమ్ మాట్లాడింది పావు వంతు, మిగతాదంతా పిల్లలే. అమీర్‌పేటలో ఎక్కడైనా ఫ్రీ డెమో క్లాసు ఉంటుంది. మీ పిల్లల్ని చేర్చేముందు ఒకపూట వెళ్లి, ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో గడియారం పెట్టి చూడండి. అంతసేపూ సారే మాట్లాడుతుంటే ఫీజు కట్టకుండా వచ్చేయండి.