అక్షరం మారినంత మాత్రాన

మీటింగు మొదలయ్యేసరికి తెర మీద నాలుగు రంగుల గీతలు ఉన్నాయి. ఆకుపచ్చ, నీలం, నలుపు, ఎరుపు. డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు. గీత పైకి లేచి దిగిన ప్రతిచోటా ఒక అక్షరం ఉన్నట్టు. ఒక్కచోట మాత్రం నల్ల శిఖరం ఎత్తు తగ్గిపోయి, దాని కిందనే ఇంకో ఆకుపచ్చ శిఖరం లేచింది. ల్యాబు శాస్త్రవేత్త కర్సరు అక్కడ ఆపింది.

"ఈ జన్యువుకు రెండు కాపీలు కదా. ఒకదాంట్లో జి, ఇంకోదాంట్లో ఏ. టీజీసీ ఉండాల్సిన చోట టీఏసీ. సిస్టీన్ పోయి టైరోసిన్ వచ్చింది."

హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి జెనెటిక్స్ విభాగంలో వారం వారం జరిగే మీటింగు ఇది. జెనెటిక్స్ డాక్టరు, గుండె డాక్టరు, ల్యాబు వాళ్లు, కౌన్సెలరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. రోగులూ వాళ్ల కుటుంబాలూ అనుమతిస్తేనే నన్ను రానిచ్చారు. అందుకే పేర్లు, ఊళ్లు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆ రోజు చర్చకు వచ్చినవన్నీ అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, వంశపారంపర్యంగా ఉబ్బిపోయే కేసులు. ఉబ్బుతున్నంత కాలం సాధారణంగా నొప్పి ఉండదు. చాలామందికి తెలిసేది గోడ పొరలు చీలినప్పుడే. చీలాక ఎందరో ఆసుపత్రి దాకా రాలేరు. ముందే తెలిస్తే మందులున్నాయి, ఏటా స్కాన్లున్నాయి, తగిన సమయానికి ఆపరేషన్ ఉంది. అందుకే జన్యు రిపోర్టులో రాసే ఒక్క వాక్యానికి ఇక్కడ అంత బరువు.

తెర మీది గీతలు పదమూడేళ్ల అమ్మాయివి. పొద్దున ఓపీలో ఆ పిల్లను చూశాను. బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగించమన్నారు. గోరు మొత్తం చిటికెన వేలి అంచు దాటి బయటికొచ్చింది. "మా క్లాసులో ఎవరికీ రాదిది" అంది సంబరంగా. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూస్తే రెండు కళ్లలోనూ కటకాలు పైకి జరిగి ఉన్నాయి. ఎకోలో అయోర్టా మొదలు వయసుకూ ఒంటి కొలతకూ తగిన హద్దు దాటి ఉంది. కటకం జరగడం, అయోర్టా ఉబ్బడం, ఈ రెండూ కలిస్తే చాలు. 2010లో సవరించిన గెంట్ ప్రమాణాల ప్రకారం జన్యు పరీక్ష లేకపోయినా అది మార్ఫాన్ సిండ్రోమే. 1896లో పారిస్‌లో ఆంత్వాన్ మార్ఫాన్ అనే పిల్లల డాక్టరు పొడవైన సన్నని వేళ్లున్న ఐదేళ్ల పాపను గురించి రాసిన దగ్గర్నుంచి ఆ పేరు నిలిచింది. కారణమైన ఎఫ్‌బీఎన్1 జన్యువు దొరకడానికి 1991 దాకా పట్టింది.

ఆ జన్యువు ఫిబ్రిలిన్-1 అనే ప్రోటీన్‌ను చేయిస్తుంది. 2,871 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసు అది. అయోర్టా గోడకు సాగే గుణం ఉండటానికి, కంటి కటకం తన చోట నిలవడానికి దాని పోగులే ఆధారం. గొలుసులో ఒకే తీరు ముడులు వరసగా వస్తాయి. ఒక్కో ముడిలో ఆరు సిస్టీన్లు రెండేసి చొప్పున జతకట్టి దాన్ని బిగించి ఉంచుతాయి. ఒక సిస్టీన్ పోతే దాని జత ఒంటరిదవుతుంది, ముడి సడలుతుంది. అందుకే ఇలాంటి మార్పుకు సాక్ష్యంగా ఎక్కువ బరువిస్తారు. ఇక్కడ ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. తల్లిలోనూ తండ్రిలోనూ ఈ మార్పు లేదు, పిల్లలోనే కొత్తగా పుట్టింది. మార్ఫాన్ ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ఒకరి కథ ఇదే. చర్చ ఎంతోసేపు సాగలేదు. "రోగకారకం" అని రాసేశారు.

తల్లి అడిగింది మాత్రం ఇంకోటి. "మాది మేనరికం. మా అత్తగారు అదే అంటోంది మేడం. అందుకేనా?" కాదని కౌన్సెలరు ఓపిగ్గా చెప్పింది. ఈ జబ్బుకు ఒక్క కాపీ మారితే చాలు, ఆ మార్పు ఇద్దరిలో ఎవరి నుంచీ రాలేదు. ఆ తల్లికి మాట ఒక్కటే చాల్లేదు. "అదే కాయితం మీద తెలుగులో రాసివ్వరా?" అంది. రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. ఈ విభాగం చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఆ కాగితమే.

మేనరికంతో ముడిపడ్డ అయోర్టా జబ్బులు లేకపోలేదు. కేరళలో ఇరవై ఇద్దరు పసిపిల్లల ధమనులు ప్రాణాంతకంగా ఉబ్బడానికి ఎఫ్‌బీఎల్ఎన్4 జన్యువులో అందరికీ ఒకేచోట ఉన్న మార్పు కారణమని 2012లో అక్కడి డాక్టర్లు ప్రచురించారు. దానికి రెండు కాపీలూ మారాలి. ఒక జబ్బు నియమాన్ని ఇంకో జబ్బుకు అంటగడితే మాట పడేది ఎక్కువగా కోడళ్లే.

రెండో కేసు దగ్గర గది వేడెక్కింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. అన్న నలభై ఒకటో ఏట ఛాతీనొప్పితో గంటల్లో పోయాడు. పోస్టుమార్టం లేదు. భయంతో ఈయన స్కాన్ చేయించుకుంటే అయోర్టా 4.3 సెంటీమీటర్లు. వేరేచోట చేయించిన జన్యు పరీక్షలో ఎంవైహెచ్11 జన్యువులో ఒక అక్షరం మార్పు వచ్చింది. రిపోర్టులో "ప్రాముఖ్యం అనిశ్చితం" అనే ఉంది. ఇంటికి చేరేసరికి అది "పాజిటివ్" అయిపోయింది. "పిల్లలకు గీ టెస్టొక్కటి చేయిస్తే నిమ్మళమైతది మేడం" అని ఆయన పొద్దున ఓపీలో బతిమాలుతుంటే విన్నాను.

ఎంవైహెచ్11 జబ్బుకు సంబంధించిన జన్యువే, అందులో అనుమానం లేదు. 2018లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం ఇలాంటి 53 జన్యువులకు సాక్ష్యం లెక్కగట్టింది. కుటుంబాల నుంచి వచ్చిన రుజువులకు ఎక్కువలో ఎక్కువ 12 పాయింట్లు, ప్రయోగశాల రుజువులకు 6. వంశంలో వచ్చే అయోర్టా ఉబ్బుకు కారణాలుగా గట్టిగా నిలబడినవి 11 మాత్రమే. వాటిలో ఎఫ్‌బీఎన్1తో పాటు ఎంవైహెచ్11 కూడా ఉంది. కానీ జన్యువు దోషి అయినంత మాత్రాన అందులో కనిపించే ప్రతి మార్పూ దోషి కాదు. రిపోర్టు చదివే మామూలు డాక్టరు కూడా తరచూ జారిపడేది ఇక్కడే.

"ప్రపంచ డేటాబేసుల్లో ఈ మార్పు దాదాపుగా లేదు, అది అనుమానించాల్సిందే కదా" అన్నాడు ఒక యువ డాక్టరు. పెద్ద డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "అందులో మనవాళ్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లకు అరుదైనది మనకు మామూలు కావచ్చు." ఉదాహరణకు, గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల లోపం ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని 2009లో బయటపెట్టింది మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న బృందమే. ఇప్పుడు జీనోమ్ ఇండియా ప్రాజెక్టు వల్ల పదివేల మంది భారతీయుల సమాచారం పరిశోధకులకు అందుతోంది. పరిస్థితి మెరుగే. అయినా మన ఊళ్లలో, మన కులాల్లో, లోపల్లోపలే జరిగే పెళ్లిళ్లలో ఎన్నెన్ని రకాలున్నాయో తలచుకుంటే పదివేలు తక్కువే అనిపిస్తుంది నాకు.

కేసును తేల్చింది డేటాబేసు కాదు, కౌన్సెలరు ఫోను. ఆమె వంశవృక్షం గీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఈయన తల్లికి అరవై ఆరేళ్లు, ఎకో శుభ్రంగా ఉంది. మేనత్తకు ఎన్నడూ ఛాతీలో నొప్పి లేదు. అయినా బతిమాలి సూర్యాపేట నుంచి బస్సులో రప్పించి ఎకో తీస్తే 4.8 సెంటీమీటర్లు. ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపారు. ఫలితం ఆ రోజే తెర మీదికొచ్చింది. మార్పు ఉన్నది తల్లిలో. అయోర్టా ఉబ్బినది తండ్రి చెల్లెలికి, ఆమెలో ఆ మార్పు లేదు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గుండె డాక్టరే అన్నాడు: "అంటే జబ్బు తండ్రి వైపు నుంచి వస్తోంది. ఈ మార్పు తల్లి వైపు నుంచి వచ్చింది."

ఆ మనిషి అడిగినట్టు పిల్లలకు ఆ ఒక్క మార్పు కోసం పరీక్ష చేసి ఉంటే ఏం జరిగేది? లేదని వచ్చిన పిల్లను "నీకేం భయం లేదు" అని ఇంటికి పంపేసేవాళ్లు. మళ్లీ ఎకో తీసేవాళ్లు ఉండరు. అసలు కారణం ఇంకెక్కడో ఆ పిల్లలోనే ఉండొచ్చు. తప్పు పాజిటివ్ కంటే తప్పుగా ఇచ్చిన ఆ ధైర్యమే ఎక్కువ ప్రమాదమని నేను అనుకుంటున్నాను. ప్యాకేజీలో "ఇన్ని జన్యువులు" అని లెక్క చెప్పి పరీక్షలు అమ్మేవాళ్లు ఈ సంగతి కొనేవాళ్లకు చెప్పరు. చెప్పి తీరాలి.

ఆయన్ను మీటింగయ్యాక లోపలికి పిలిచారు. "గయితే మాకు జబ్బు లేదన్నట్టేనా?" అన్నాడు. "జబ్బు ఉంది. మీ అన్న పోయింది కూడా దాంతోనే కావొచ్చు. కాకపోతే దాని పేరు ఈ కాయితంలో లేదు" అంది డాక్టరమ్మ. రక్తపోటు మందు రాసింది. బరువులెత్తొద్దంది. మేనత్త రక్తంతో మొత్తం జన్యు వరుస చదివిద్దామని, పోయిన అన్న పిల్లలతో సహా ఇంట్లో అందరికీ ఎకో తీయాలని చెప్పింది. కౌన్సెలరు పదకొండు పేర్లు రాసుకుని, ఎవరెవరు ఏ వారం వస్తారో ఆయన్నడిగి పక్కన తేదీలు వేయడం మొదలుపెట్టింది.