చలికాలంలో లేచే జుట్టు, మా హాస్టల్ కత్తెర



చలి మొదలైంది. హాస్టల్లో ఉన్న చెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు గ్రూప్‌లో అడిగారు. "అక్కా, దువ్వుతుంటే జుట్టంతా లేస్తోంది, ప్రేయర్‌లో తిడుతున్నారు, ఏం చేయాలె?" అని. ఒక్క లైన్‌లో జవాబు చెప్పి వదిలేద్దాం అనుకున్నాం. కానీ మా వరకు ఇది ఒక్క లైన్ సంగతి కాదు. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

మేం నలుగురం ఉట్నూరు వైపు గూడేల పిల్లలం. ఆరో తరగతి నుంచి ఒకే ఆశ్రమ పాఠశాల, పక్కపక్క మంచాలు. ఆదిలాబాద్ చలి గురించి మీకు చెప్పేదేముంది. జనవరి తెల్లారుజామున నల్లా కింద చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. పెదాలు, మడమలు పగులుతాయి. కొబ్బరి నూనె సీసాలో రాయిలా గడ్డకడుతుంది. అది గీకి తీసే ఓపిక లేక నూనె రాసుకోకుండానే ప్లాస్టిక్ దువ్వెనతో గబగబా దువ్వేవాళ్లం. పైన ఊలు టోపీ, ఒంటి మీద నైలాన్ స్వెటర్. టోపీ తీయగానే వెంట్రుకలన్నీ పైకి లేచి నిలబడేవి. రాత్రి లైట్లు ఆర్పాక స్వెటర్ విప్పితే చిటపట చప్పుడు, చిన్న చిన్న మెరుపులు. ఐదో తరగతి పిల్లలు దయ్యం అని ఏడ్చేవాళ్లు. మేం కూడా పైకి నవ్వినం గానీ లోపల భయపడ్డం.

ఎనిమిదో తరగతి చలికాలంలో ఒక రోజు ప్రేయర్ లైన్‌లో మాలో ఒకరిని ముందుకు పిలిచారు. "ఇది తలా, చీపురా? అడవిలోంచి ఇప్పుడే లేచొచ్చినట్టున్నవ్" అన్నారు మేడం. లైన్ అంతా నవ్వింది. మేమూ నవ్వినం. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆ సాయంత్రం పేలు, శుభ్రత అని కారణం చెప్పి ఆమె జడ కత్తిరించేశారు. నడుము దాకా ఉండే జడ అది. ఆమె సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి తిరిగి రాలేదు. రెండు వారాలు గడిచాక వాళ్లమ్మ తీసుకొచ్చి దింపింది. తల చుట్టూ పాత కాటన్ చీర ముక్క గట్టిగా కట్టుకుని వచ్చింది.

ఆమె ఒక్కతే అట్లా కనిపించకూడదని మిగతా ముగ్గురం కూడా కాటన్ గుడ్డ కట్టుకున్నం, దాని మీదే టోపీ. రెండు మూడు రోజులకు ఒకటి గమనించినం. గుడ్డ విప్పితే జుట్టు లేవడం లేదు! సైన్స్ సార్‌ను అడిగినం. ఆయన దువ్వెన తలకు రుద్ది కాగితం ముక్కలను లాగి చూపించారు. స్థిర విద్యుత్ పాఠంలో ఉన్నదే. దువ్వెన, నైలాన్, ఊలు జుట్టుకు రాసుకుంటే వెంట్రుకలన్నింటికీ ఒకే రకం ఆవేశం వస్తుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే విడివిడిగా లేస్తాయి. వానాకాలంలో గాలిలోని తేమ వల్ల ఆ ఆవేశం త్వరగా పోతుంది. చలికాలపు పొడి గాలిలో పోదు, నిలిచిపోతుంది. అంటే ఇందులో మురికి లేదు, అడవి లేదు. ఎవరి తలకైనా అయ్యేదే. సార్ ఆఫీస్ రూంలో ఏం మాట్లాడారో మాకు తెలీదు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. కానీ ఆ ఏడాది కత్తెర మళ్లీ బయటికి రాలేదు.

చెల్లెళ్లూ, మేం చేసి చూసినవి ఇవి.

నూనె సీసాను కాసేపు ఎండలో గానీ, వేడినీళ్ల మగ్గులో గానీ పెట్టండి, కరుగుతుంది. రెండు మూడు చుక్కలు అరచేతిలో రుద్ది జుట్టు చివర్లకు రాయండి. ఆముదం అయితే ఇంకా తక్కువ చాలు.

ప్లాస్టిక్ దువ్వెన బదులు చెక్క దువ్వెన వాడండి. మేం నాగోబా జాతరలో కొనుక్కున్నం. అది లేకపోతే చేతులు తడిచేసుకుని తల నిమిరి, అప్పుడు దువ్వండి.

టోపీ లోపల కాటన్ గుడ్డ కట్టుకోండి. తలస్నానం అయ్యాక తువాలుతో గట్టిగా రుద్దకండి, అద్దండి. షాంపూ ప్యాకెట్‌తో రోజూ కడిగితే జుట్టు ఇంకా పొడిబారుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. కుంకుడు, శీకాయ మన అడవిలోనే దొరుకుతాయి కదా.

ప్రేయర్‌కు టైం అయిపోయి, జుట్టు లేచి ఉంటే, స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని తల మీద మెల్లగా రాయండి. ఆవేశం గ్లాసు ద్వారా మన ఒంట్లోకి పోతుంది. నవ్వకండి, పనిచేస్తుంది.

ఇప్పుడు మేం నలుగురం డిగ్రీలో ఉన్నం. ఆమె జడ మళ్లీ నడుము దాకా వచ్చింది. అయినా ఫొటో దిగేటప్పుడు చెయ్యి ముందు తల మీదికే పోతుంది. అందుకే అన్నలకు, అక్కలకు ఒక మాట. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు దగ్గర్లోని హాస్టల్‌కు ఒక్కసారి వెళ్లిరండి. నాలుగు చెక్క దువ్వెనలు తీసుకుపోండి. దువ్వెనతో కాగితం ముక్కలు లాగి చూపించండి. లైన్‌లో ఎవరినైనా ముందుకు పిలిచి నవ్వితే మిగతా పిల్లలు మాలాగా నవ్వకుండా ఉంటే చాలు.

జై సేవా.