భయం చూసా, చదువు చూసా?

మా అబ్బాజాన్ కాతిబ్. ఉర్దూ పత్రికకి వెదురు కలంతో రాసి మమ్మల్ని పెంచాడు. కంప్యూటరొచ్చాక కలం అటకెక్కింది.

ఇప్పుడు మా బిడ్డ డిజైన్ చదువుతానంటోంది. "బొమ్మల చదువు మనకెందుకు? బీఈడీ చేయించండి" అన్నారు చుట్టాలు. అక్షరాన్ని అందంగా రాయడం మా ఇంట్లో కూడు పెట్టిన పనే గదా!

చిక్కంతా కాలేజీ దగ్గరొచ్చింది. మాసాబ్‌ట్యాంకులో ఫైనార్ట్స్ కాలేజీ ఉంది, సిటీబస్సు దూరం. బిడ్డ మనసేమో అహ్మదాబాదులో 1961లో పెట్టిన జాతీయ డిజైన్ సంస్థ మీదుంది. ఆ ఊరి పేరు వినగానే మాకు 2002 గుర్తొచ్చింది. పేరు విని గది అద్దెకివ్వకపోతే?

"అబ్బా, కాలేజీని చదువు చూసి ఎంచుకోవాలా, భయం చూసా?" అంది.

తలదించుకున్నాం. ఫలానా ఊరు మీది కాదని ఎవరో అనకముందే మేమే ఒప్పేసుకుంటున్నామా?

దరఖాస్తులో అహ్మదాబాదే రాయించాం. భయం పోయిందా? లేదు. దాన్ని మా దగ్గరే ఉంచుకున్నాం, బిడ్డ సంచిలో పెట్టలేదు.