అబ్బా పానా, నా క్లీట్ బూట్లు

పోయిన సాల్ చలికాలంల ఓ ఐతారం పొద్దుగాల, సూర్యాపేటల హైవే పక్కన చాయ్ హోటల్ ముందట సైకిల్ ఆపిన. ఆపిన అనుడు గలత్. సైకిల్ ఆగింది, నేను ఆగలే. రెండు పాదాలు ప్యాడిళ్లకు తగిలించి ఉన్నయ్. ఆ సంగతి మరిచి ఎడమ కాలు కింద పెట్టబోయిన. కాలు రాలే. నరికిన చెట్టు లెక్క మెల్లగ, సైకిల్‌తోని సహా పక్కకు ఒరిగి పడ్డ. చాయ్ తాగెటోళ్లంత ఉరికొచ్చిన్రు. "క్యా హువా బేటా, చక్కర్ ఆయా క్యా?" అని ఓ పెద్దమనిషి నీళ్లు తెచ్చిండు. చక్కర్ గాదు చాచా, బూట్లు ఇరుక్కున్నయ్ అంటె ఆయనకు సమజ్ గాలే.

మీకు గూడ సమజ్ గాకపోవచ్చు. ఈ ప్యాడిళ్లను క్లిప్‌లెస్ అంటరు. పేరు వింటె ఏ బంధం లేనివనుకుంటం, గని బూటును గట్టిగ పట్టుకునేటివే ఇవి. ఎనుకట రేసులోళ్లు ప్యాడిల్ మీద పాదాన్ని ఇనుప క్లిప్పుతోని, తోలు పట్టీతోని కట్టుకునేటోళ్లు. ఆ క్లిప్పు పోయింది గాబట్టి ఆ పేరు. మంచు మీద జారే స్కీ బూట్లకు బైండింగులు చేసే ఫ్రాన్స్ కంపెనీ లుక్, 1984ల ఇట్లాంటి ప్యాడిల్ తెచ్చింది. 1985ల బెర్నార్ ఇనో వాటి మీదనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచిండు. 1990ల జపాన్ కంపెనీ షిమానో ఎస్‌పీడీ తెచ్చింది. బూటు అడుగున రెండు బోల్టులతోని చిన్న లోహపు ముక్క బిగిస్తరు, దాన్నే క్లీట్ అంటరు. ముందటికి నొక్కితె కటక్‌మని పడ్తది. మడమ బయటికి తిప్పితె ఊడ్తది. పాదం జారది, గుంతల రోడ్డు మీద గూడ ప్యాడిల్ విడువది.

ఇదంత నాకు ఎందుకంటె, షుగర్. డాక్టర్ నడువుమన్నడు, నేను సైకిల్ కొన్న. ఆ మాట అబ్బాకు చెప్పనీకి నెల రోజులు పట్టింది.

ఎందుకంటె మాది సైకిల్ దుకాణం. అబ్బా ముప్పై ఏండ్లు సైకిళ్లు కిరాయికిచ్చిండు, పంచర్లు ఏసిండు, రిమ్ముల బెండు తీసిండు. బడి నుంచి రాంగనే నేను బస్త పక్కన పడేసి నీళ్ల తొట్టిల ట్యూబు ముంచి బుడగలు చూసేటోన్ని. కాలేజీకి పోయినంక దోస్తులు నవ్వుకుంట 'పంచర్' అని పిలిచిన్రు. ఆ మాట మన ఖౌమ్ మొత్తం మీద విసిరే మాటని తర్వాత తెలిసింది. ఆ దినం నుంచి నాకు పానా పట్టుడు వచ్చని ఎవ్వరికీ చెప్పలే. నౌకరీ దొరికినంక, ఇగ చాలు దుకాణం బంద్ చెయ్యిమని అబ్బా మీద జిద్దు చేసింది నేనే. ఆయన తకరార్ చెయ్యలే. సామాన్ల డబ్బా మాత్రం అమ్మలే.

కొత్త ప్యాడిళ్లు వచ్చిన దినం దాబా మీదికి తీస్కపోయి చాటుకు బిగించబట్టిన. కుడిది ఊడింది. ఎడమది ఎంత తిప్పినా కదలలే. చెమటలు పట్టినయ్. ఎనుక నుంచి దగ్గు వినబడ్డది.

"ఉల్టా ఘుమా రే. బాయేఁ పైడల్ కా మర ఉల్టా రహతా. భూల్ గయా?"

ఎడమ ప్యాడిల్ మర ఉల్టా ఉంటది, తొక్కుతాంటె ఊడిపోకుండ. పానా పైకి నిలబెట్టి ఎనుక చక్రం దిక్కు తిప్పితె ఏ ప్యాడిలైనా ఊడ్తది. పదేండ్లప్పుడు ఆయనే నేర్పిండు. మరువాలని కోషిష్ చేసినోనికి మరుపే వచ్చింది.

అబ్బా బూటు చేతుల పట్టుకొని క్లీట్ చూసిండు. ధర అడిగిండు. సగం చెప్పిన. దానికే అమ్మీ "యా అల్లా" అన్నది. అబ్బాకు మాత్రం ధర ఫికర్ లేదు. "సైకిల్ నేర్పేటప్పుడు నీకు మొదలు ఏం చెప్పిన? కాలు ఎప్పుడు నేల మీదికి రావాల్నో ముందుగాల్నే ఆలోచించు అన్న. ఇప్పుడు కాలునే కట్టేసుకుంటవా?" అన్నడు.

ఆయన మాటే ఖరా అయింది. అందుకే చాయ్ హోటల్ ముందట పడ్డ. తర్వాత తరీఖా మార్చిన. ప్యాడిల్ స్ప్రింగును ఎల్‌కీతోని వదులు చేసిన. గోడ పట్టుకొని ఒక్కో పాదం యాభై సార్లు తగిలించిన, విడిపించిన. ఖాళీ మైదానంల వారం తిరిగిన. ఆగే జాగకు ఇరువై గజాల ముందే ఒక కాలు విడిపించుడు ఆదత్ చేసుకున్న. కొత్తగ తీసుకునేటోళ్లు ఈ నాలుగు పనులు చేసినంకనే రోడ్డెక్కున్రి. లారీలు తిరిగే తోవల పడితె నీళ్లు తెచ్చేటోళ్లు ఉండరు.

హిమ్మత్ వచ్చినంక పాత 9వ నంబరు, ఇప్పటి 65వ జాతీయ రహదారి మీద మునగాల మీదుగ కోదాడ పోయిన. సుమారు 45 కిలోమీటర్లు. పోవుడు మజా అనిపించింది. తిరిగి వచ్చేసరికి కుడి మోకాలు లోపలి దిక్కు సూదులు గుచ్చినట్టు నొప్పి. మల్ల వారం పోయిన, మల్ల అదే. ప్యాడిళ్లు అమ్మేద్దామనుకున్న.

అబ్బా నా పాత చెప్పులు తెప్పిచ్చిండు. తిరగేసి అరుగుదల చూసిండు. "నీ కుడి పాదం చిన్నప్పటి సంది బయటికి తిరిగి ఉంటది. నువ్వు దాన్ని సీదా బిగించినవ్. కాలు సీదా ఉన్నది, మోకాలు మెలిక తిరుగుతాంది" అన్నడు. డబ్బాల నుంచి ఎల్‌కీ తీసి బోల్టులు వదులు చేసి, క్లీట్ ముక్కును బొటనవేలు దిక్కు జొన్నగింజంత జరిపి బిగించిండు. వేలు వణుకుతాంది, గని కొలత తప్పలే. పాదానికి అటు ఇటు కొన్ని డిగ్రీల ఆట ఈ క్లీట్ల ఉంటదని పుస్తకంల చదివిన. ఆ ఆట నా పాదానికి ఎక్కడ మొదలు కావాల్నో అబ్బాకే తెలిసింది.

ఫిబ్రవరిల ఫజర్ చదువుకొని బయలుదేరిన. కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగ మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్లతోని వరి పచ్చగ ఉన్నది. మోకాలు నొయ్యలే. జొహర్‌కు మసీదు ముందట బూట్లు విడిచిన. చెప్పులు పోతాయని భయపడేటోన్ని, ఇవి ఎవ్వరూ ఎత్తుకపోరు, ఏస్కొని నడిస్తె టకటక సప్పుడు.

మిర్యాలగూడ రైసుమిల్లుల కాడికి వచ్చినంక ఎనుక టైరు పంచర్. ముందట ఓ చిన్న దుకాణం, పద్దెనిమిదేండ్ల పిలగాడు మోటార్ సైకిల్ చక్రం ఊడదీసి కూసున్నడు. ఇద్దరు గిరాకీలు ఎదురుచూస్తున్నరు. గంట ఆగాలె సార్ అన్నడు. అతని మొఖంల అలసట చూసిన. ఆ వయసుల అబ్బా మొఖం నేను చూడలే, గని గిట్లనే ఉండి ఉంటది.

"నేను ఏసుకుంట. తొట్టి, సొల్యూషన్ ఇయ్యి చాలు" అన్న.

"మీకు వస్తదా సార్?"

నలుగురున్నరు అక్కడ. ఇరువై ఏండ్ల సంది ఈ సవాల్‌కు రాదనే చెప్పిన. "వస్తది. మా అబ్బాది పంచర్ దుకాణమే" అన్న.

బూట్లు విడిచి నేల మీద కూసున్న. ట్యూబు ముంచిన. బుడగలొచ్చిన కాడ అగ్గిపుల్లతోని గుర్తు పెట్టి, ఆరబెట్టి, గరుకు కాగితంతోని రుద్దిన. చేతులకు అన్నీ యాదికున్నయ్. పిలగాడు పైసలు తీసుకోలే. "ఆప్ తో అప్నే ఆద్మీ హై" అన్నడు.

అబ్బాకు ఫోన్ చేసి చెప్పిన. మిర్యాలగూడ దాక వచ్చిన్నని, మోకాలు నొయ్యలేదని, అందరి ముందట నేనే పంచర్ ఏసుకున్నని. కొంచెంసేపు అటు నుంచి ఏం వినబడలే.

"సొల్యూషన్ ఆరినంకనే ప్యాచీ పెట్టినవా?" అని అడిగిండు.

"హౌ అబ్బా."

"తో ఠీక్ హై. ఆరామ్ సే ఆ."